మూత్రాశయ క్యాన్సర్‌కు మూత్ర పరీక్ష సరిపోతుందా? జన్యు గుర్తులు చెప్పేది ఎంత, చెప్పలేనిది ఎంత

సంక్షిప్తంగా: మూత్రం నమూనాతోనే మూత్రాశయ క్యాన్సర్‌ను పట్టుకునే పరీక్షలు ముప్ఫై ఏళ్లుగా ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. మొదట ప్రొటీన్లను వెతికారు, తర్వాత క్రోమోజోములను చూశారు, ఇప్పుడు డీఎన్‌ఏ మార్పులనూ, జన్యువు సందేశాన్ని మోసే ఎంఆర్‌ఎన్‌ఏనూ కొలుస్తున్నారు. కొత్త పరీక్షలు పాతవాటికన్నా నిజంగానే మెరుగు. అయినా సిస్టోస్కోపీని, అంటే మూత్రనాళం గుండా గొట్టం పంపి మూత్రాశయం లోపల చూసే పరీక్షను, పక్కన పెట్టే స్థాయికి ఏదీ చేరలేదు. ముప్పు తక్కువగా ఉన్నవారికి సిస్టోస్కోపీ అవసరమా కాదా తేల్చడానికీ, చికిత్స అయినవారికి పదేపదే చేసే సిస్టోస్కోపీలను తగ్గించడానికీ ఇవి ఉపయోగపడతాయి. ఏ లక్షణమూ లేనివారిని జల్లెడ పట్టడానికి పనికిరావు. పరీక్ష ఎవరికి చేస్తున్నారన్నదాన్ని బట్టి అదే ఫలితానికి అర్థం మారిపోతుంది.

గొట్టం లేకుండా తెలుసుకోవాలన్న తపన ఎందుకు

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6.14 లక్షల మందికి మూత్రాశయ క్యాన్సర్ కొత్తగా బయటపడింది, దాదాపు 2.2 లక్షల మంది చనిపోయారు. ఆడవారికన్నా మగవారిలో మూడు, నాలుగు రెట్లు ఎక్కువ. పొగతాగడం అన్నిటికన్నా పెద్ద కారణం. దాదాపు సగం కేసుల మూలం అక్కడే ఉంది. పొగలోని ఆరోమాటిక్ అమైన్లు రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరి, మూత్రంతో కలిసి గంటల తరబడి మూత్రాశయం గోడను తాకుతూ నిలిచిపోతాయి. రంగుల కర్మాగారాల కార్మికుల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉందని జర్మన్ సర్జన్ లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు. అక్కడా దోషులు ఇదే జాతి రసాయనాలు.

తొలి లక్షణం చాలామందిలో నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం. ఒకరోజు ఎర్రగా వస్తుంది, రెండు రోజుల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఆగిపోయింది కదా అని ఊరుకోవడం వల్లే ఎంతో విలువైన కాలం పోతుంది.

వ్యాధి బయటపడేనాటికి నలుగురిలో ముగ్గురికి కణితి కండర పొరలోకి ఇంకా దిగి ఉండదు. మూత్రనాళం గుండా పరికరాన్ని పంపి దాన్ని గీకి తీసేస్తారు. దీన్నే టీయూఆర్‌బీటీ అంటారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఈ క్యాన్సర్ మళ్లీ మళ్లీ మొలకెత్తుతుంది. అందుకే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి తొలి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదో ఏడు నిండేదాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి సిస్టోస్కోపీ చేయాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. మొదటి ఐదేళ్లలోనే 14 సార్లు అన్నమాట. ముప్పు తక్కువ ఉన్నవారికి మూడో నెలలో ఒకటి, ఏడాదికి ఒకటి, తర్వాత ఐదేళ్లదాకా ఏటా ఒకటి.

సిస్టోస్కోప్ సుమారు ఐదు మిల్లీమీటర్ల మందం ఉండే గొట్టం. మత్తు జెల్లీ పెట్టి చేసినా మగవారికి ఇబ్బంది ఎక్కువే. తర్వాత మూత్రంలో మంట, కొందరికి ఇన్ఫెక్షన్ వస్తాయి. పైగా అది కూడా అన్నీ చూడలేదు. గడ్డలా పైకి లేవకుండా గోడకు అంటుకుని పరుచుకునే 'కార్సినోమా ఇన్ సైటు' తెల్లని వెలుతురులో మామూలు ఎర్రదనంలా కనిపించి తప్పిపోతుంది. నీలి వెలుతురులో చూస్తే ఇలాంటివి ఎక్కువగా దొరుకుతాయి. కానీ ఆ పరికరాలు అన్నిచోట్లా ఉండవు.

మూత్రంలోకి ఏం రాలుతుంది

మూత్రాశయానికి ఉన్న అనుకూలత మరే అవయవానికీ లేదు. కణితి రాల్చే ప్రతిదీ నేరుగా మూత్రంలోకే పడుతుంది. రక్తపరీక్షలో కణితి డీఎన్‌ఏను వెతకాలంటే ఐదు లీటర్ల రక్తంలో కలిసిపోయినదాన్ని వెతకాలి. ఇక్కడ కణితిని కడిగిన నీరే చేతికి వస్తుంది. అందులో రాలిన కణాలు, చితికిన కణాల డీఎన్‌ఏ ముక్కలు, ఎంఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు ఉంటాయి.

అయితే అన్ని కణితులూ ఒకేలా రాల్చవు. మూత్రాశయ క్యాన్సర్ రెండు దారుల్లో పెరుగుతుంది. ఒకటి లో-గ్రేడ్ రకం. నీటిలో మొక్కలా కాడతో పైకి లేస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది, కానీ లోతుకు దిగడం అరుదు. ఇందులో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువు మార్పులు ఎక్కువగా ఉంటాయి. రెండోది హై-గ్రేడ్ రకం. తరచూ పరుచుకునే మచ్చగా మొదలై కండరంలోకి చొచ్చుకుపోతుంది. టీపీ53, ఆర్‌బీ1 జన్యువులు చెడటం దీని లక్షణం. క్రోమోజోమ్ 9లో ముక్క పోవడం రెండింటిలోనూ తొలిదశలోనే కనిపిస్తుంది.

లో-గ్రేడ్ కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉంటాయి కాబట్టి తక్కువగా రాలతాయి. రాలినవి కూడా మామూలు కణాల్లాగే ఉంటాయి. హై-గ్రేడ్ కణాల మధ్య ఆ పట్టు సడలిపోతుంది, గుంపులుగా రాలిపోతాయి, రూపం కూడా వికృతంగా ఉంటుంది. ఏ మూత్ర పరీక్ష బలమైనా బలహీనతైనా చివరకు ఈ తేడా దగ్గరకే వచ్చి ఆగుతుంది.

పాత పరీక్షలు తడబడ్డ చోట్లు

రాలిన కణాలను మైక్రోస్కోపు కింద చూసే యూరిన్ సైటాలజీని పాపనికొలావు, మార్షల్ 1945లో వివరించారు. హై-గ్రేడ్ క్యాన్సర్లలో ఇది వందకు 84దాకా పట్టుకుంటుంది, లో-గ్రేడ్‌లో 16 మాత్రమే. పైన చెప్పిన 'పట్టు' కథే ఈ అంకెల్లో కనిపిస్తుంది. ఒకే స్లైడ్‌ను ఇద్దరు పాథాలజిస్టులు రెండు రకాలుగా చదివే సమస్య ఉండేది. 2016లో వచ్చిన ప్యారిస్ విధానం 'హై-గ్రేడ్ ఉందా లేదా' అన్నదాని మీదే దృష్టి పెట్టమని చెప్పి ఆ గందరగోళాన్ని బాగా తగ్గించింది.

ప్రొటీన్ పరీక్షల్లో పేరున్నవి బీటీఏ, ఎన్‌ఎంపీ22. బీటీఏ కొలిచేది కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ హెచ్‌కు దగ్గరి ప్రొటీన్‌ను. ఆ ఫ్యాక్టర్ హెచ్ మామూలు రక్తంలోనే పుష్కలంగా ఉంటుంది. మూత్రంలో రక్తం పడిందని పరీక్షకు వచ్చిన మనిషికి, ఆ రక్తం వల్లే పాజిటివ్ వచ్చే ప్రమాదం ఉందన్నమాట. ఎవరికోసం పరీక్ష తయారైందో వారి దగ్గరే అది తప్పుతోంది. ఎన్‌ఎంపీ22 చనిపోతున్న కణాల కేంద్రకం నుంచి వెలువడే ప్రొటీన్. బ్లాడర్‌చెక్ అనే కార్డు మీద నాలుగు చుక్కల మూత్రం వేస్తే అరగంటలో గీత కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 10 యూనిట్లు దాటితే పాజిటివ్. కానీ కణాలు చావడానికి క్యాన్సరే అక్కర్లేదు. రాయి, ఇన్ఫెక్షన్, ఈమధ్యే గొట్టం వేయడం, ఏదైనా చాలు.

యూరోవిజన్ అనే ఫిష్ పరీక్ష ఒక మెట్టు పైకెక్కింది. 3, 7, 17 క్రోమోజోములకూ, 9వ క్రోమోజోములోని 9పీ21 భాగానికీ నాలుగు రంగుల మెరుపు చుక్కలు అంటిస్తారు. అనుమానంగా ఉన్న కనీసం 25 కణాలను లెక్కిస్తారు. నాలుగు కణాల్లోనైనా రెండు లేదా అంతకన్నా ఎక్కువ క్రోమోజోముల సంఖ్య పెరిగి ఉంటే, లేదా 12 కణాల్లో 9పీ21 రెండు ప్రతులూ పోయి ఉంటే పాజిటివ్. ఇక్కడ పొరపాటుకు దారితీసేవి 'గొడుగు కణాలు'. మూత్రాశయం పైపొరలో ఉండే ఈ ఆరోగ్యకరమైన పెద్ద కణాల్లో సహజంగానే క్రోమోజోములు రెట్టింపు ఉండొచ్చు. లెక్కించేవారికి అనుభవం లేకపోతే వాటినే క్యాన్సర్‌గా రాసేస్తారు. ఖర్చూ, సమయమూ అదనం.

డీఎన్‌ఏ అక్షరం మారిన చోట

గత పదేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఆశ రేపినది టెర్ట్ జన్యువు. కణం విభజన చెందినప్పుడల్లా క్రోమోజోముల కొసలు అరుగుతాయి. ఆ కొసలను మళ్లీ పెంచే టెలోమరేస్ అనే ఎంజైము తయారీకి టెర్ట్ కావాలి. దాన్ని పెద్దవారి కణాలు చాలావరకు ఆపేసుకుంటాయి. టెర్ట్ ప్రమోటర్‌లో, అంటే ఆ జన్యువును నడిపే స్విచ్ భాగంలో, సీ228టీ లేదా సీ250టీ అనే రెండు చోట్లలో ఒక్క అక్షరం 'సీ' నుంచి 'టీ'గా మారితే, అక్కడ జీఏబీపీ అనే ప్రొటీన్ అతుక్కోవడానికి కొత్త స్థలం ఏర్పడుతుంది. ఆగిపోయిన టెలోమరేస్ మళ్లీ తయారవుతుంది, కణానికి అరుగుదల భయం పోతుంది. మూత్రాశయ క్యాన్సర్లలో 60 నుంచి 80 శాతంలో ఈ మార్పు ఉంది. గ్రేడ్, దశలతో సంబంధం లేకుండా ఉండటమే దీని ప్రత్యేకత. సైటాలజీ వదిలేసే లో-గ్రేడ్ కణితుల్లోనూ ఇది దొరుకుతుంది.

ఇరాన్‌లోని గోలెస్తాన్‌లో 50 వేల మందిని ఏళ్ల తరబడి గమనిస్తున్న అధ్యయనంలో దాచిన మూత్ర నమూనాలను 2020లో పరీక్షించారు. తర్వాతి కాలంలో మూత్రాశయ క్యాన్సర్ వచ్చిన 30 మందిలో 14 మందికి, ఏ లక్షణమూ లేని రోజుల్లోనే టెర్ట్ మార్పు కనిపించింది. కొందరిలో నిర్ధారణకు పదేళ్ల ముందే. పోల్చడానికి తీసుకున్న 101 మందిలో ఒక్కరికీ లేదు. సంఖ్య చిన్నదే అయినా ఫలితం గట్టిది. అదే సమయంలో, సగం మందికి పైగా అందులో కూడా తప్పిపోయారన్నది గుర్తుంచుకోవాలి.

ఎఫ్‌జీఎఫ్‌ఆర్3లో ఎస్249సీ వంటి కొన్ని చోట్ల మార్పులు లో-గ్రేడ్ కణితుల్లో ఎక్కువ, కండరంలోకి దిగినవాటిలో తక్కువ. ఒక్కో జన్యువు ఒక్కోచోట గుడ్డిది కాబట్టి వాటిని కలిపి చూడటం మొదలైంది. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2018లో ప్రకటించిన యూరోసీక్ పది జన్యువులతోపాటు టెర్ట్‌నూ, క్రోమోజోముల సంఖ్యలో తేడాలనూ కలిపి చూస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. మనిషి జన్యుసంపద ఒక ప్రతి బరువు సుమారు 3.3 పికోగ్రాములు. పరీక్షకు 10 నానోగ్రాముల డీఎన్‌ఏ దొరికితే అందులో దాదాపు 3,000 ప్రతులు ఉన్నట్టు. మారిన డీఎన్‌ఏ వెయ్యింటికి ఒకటి చొప్పున ఉంటే, ఆ నమూనాలో సగటున మూడే ప్రతులు. యాదృచ్ఛికంగా ఒక్కటి కూడా పడకుండా పోయే అవకాశం సుమారు 5 శాతం. డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్ ఒక నమూనాను 20 వేల బిందువులుగా విడగొట్టి ఒక్కో బిందువులో విడిగా వెతికే అద్భుతమైన సాధనం. కానీ సీసాలో లేని అణువును అదీ చూపలేదు. యంత్రం ఎంత గొప్పదన్న దానికన్నా డీఎన్‌ఏ ఎంత దొరికిందన్నదే ముందు అడగాలి. డీఎన్‌ఏ చాలకపోతే ఆ రిపోర్టులో 'నెగటివ్' అని కాదు, 'నమూనా చాలలేదు' అని ఉండాలి.

మిథైలేషన్, ఎంఆర్‌ఎన్‌ఏ పరీక్షలు

అక్షరం మారకుండానే జన్యువు నోరు నొక్కేసే మార్పు మిథైలేషన్. డీఎన్‌ఏ మీద చిన్న రసాయన ముద్ర పడుతుంది. బ్లాడర్ ఎపిచెక్ 15 చోట్ల ఈ ముద్రలను చూస్తుంది. ముద్ర లేని డీఎన్‌ఏను మాత్రమే కత్తిరించే ఎంజైమును వాడి, మిగిలినదాన్ని పీసీఆర్‌తో పెంచి, 0 నుంచి 100 మధ్య అంకె ఇస్తుంది. 60, ఆపైన వస్తే పాజిటివ్. చికిత్స అయినవారి నిఘా కోసం దీనికి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. బైసల్ఫైట్ అనే రసాయనంతో చేసే పాత పద్ధతిలో ఉన్న కాస్త డీఎన్‌ఏలో చాలా భాగం చిరిగిపోతుంది. ఎంజైము పద్ధతిలో ఆ నష్టం తక్కువ. కాకపోతే కత్తిరింపు పూర్తికాకపోతే మామూలు డీఎన్‌ఏ కూడా మిగిలిపోయి పాజిటివ్‌గా కనిపిస్తుంది.

ఎంఆర్‌ఎన్‌ఏ పరీక్షల్లో న్యూజిలాండ్‌లో పుట్టిన సీఎక్స్‌బ్లాడర్ ఐదు జన్యువులను కొలుస్తుంది. నాలుగు క్యాన్సర్‌కు సంబంధించినవి. ఐదోది సీఎక్స్‌సీఆర్2, వాపు ఉన్నప్పుడు వచ్చే న్యూట్రోఫిల్ కణాలకు గుర్తు. అది ఎక్కువగా ఉంటే మిగతావాటి పెరుగుదల వాపు వల్ల కావచ్చని లెక్కలో సర్దుతారు. బీటీఏ, ఎన్‌ఎంపీ22 బోల్తాపడిన గుంత ఇదే కాబట్టి, దాన్ని పరీక్షలోనే పూడ్చే ఏర్పాటు మెచ్చుకోదగ్గది.

తెలుగు రాష్ట్రాల్లో క్షయ నిర్ధారణ ద్వారా చాలామందికి తెలిసిన సీబీనాట్ యంత్రం, అంటే జీన్‌ఎక్స్‌పర్ట్ మీద నడిచే మూత్రాశయ పరీక్ష కూడా ఉంది. యంత్రం అదే, కార్ట్రిడ్జ్ వేరు. 4.5 మిల్లీలీటర్ల మూత్రాన్ని ద్రావణంతో కలిపి వేస్తే దాదాపు గంటన్నరలో ఐదు ఎంఆర్‌ఎన్‌ఏల కొలత వస్తుంది. వాటిలో ఏబీఎల్1 మూత్రంలో తగినన్ని మానవ కణాలు ఉన్నాయో లేవో చెప్పే కాపలాదారు. అది తక్కువైతే ఫలితం చెల్లదు, మళ్లీ నమూనా ఇవ్వాలి.

సీసాలోనే చెడిపోయే ఫలితాలు

పరీక్ష తప్పడానికి సగం కారణాలు ల్యాబ్‌కు చేరకముందే ఉంటాయి. రాత్రంతా మూత్రాశయంలో నిలిచిన మూత్రంలో కణాలు ఉబ్బి, చితికిపోతాయి. అందుకే ఉదయం లేవగానే వచ్చే తొలి మూత్రం సైటాలజీకి పనికిరాదు, రెండోసారి వచ్చినది ఇవ్వాలి. జన్యు పరీక్షలకు ఏ పూట మూత్రం కావాలో ఆ కిట్ సూచనల్లో ఉంటుంది. ఒక పరీక్షకు తీసినదాన్ని మరోదానికి వాడకూడదు.

మూత్రంలో డీఎన్‌ఏను కొరికే ఎంజైములు ఉంటాయి. అవి పనిచేయడానికి మెగ్నీషియం, కాల్షియం కావాలి. ఈడీటీఏ అనే రసాయనం కలిపితే ఆ లోహాలను అది పట్టేసుకుంటుంది, ఎంజైములు చచ్చుబడతాయి. ఏమీ కలపకుండా వేసవిలో గది వేడిలో కొన్ని గంటలు ఉంచిన సీసాలో డీఎన్‌ఏ ముక్కలు చెక్కలవుతుంది, ఆర్‌ఎన్‌ఏ అంతకన్నా ముందే పోతుంది. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్ చేయకుండా అలాగే గడ్డకట్టించడం ఇంకో పొరపాటు. కణాలు పగిలి, లోపలి డీఎన్‌ఏ అంతా పైనీటిలో కలిసిపోతుంది.

చీము కణాలు ఎక్కువగా ఉన్న నమూనాలో తెల్లకణాల మామూలు డీఎన్‌ఏ వరదలా వచ్చి కణితి డీఎన్‌ఏ శాతాన్ని పలుచన చేస్తుంది. ఇన్ఫెక్షన్‌కు ముందు మందులిచ్చి తర్వాత పరీక్షించడం అందుకే. వయసు పైబడినవారి తెల్లకణాల్లో కొన్ని జన్యు మార్పులు సహజంగానే పోగవుతాయి. వాటిలో టీపీ53 కూడా ఉండొచ్చు. పెద్ద జన్యు పట్టికలతో వెతికే పరీక్షల్లో ఇది మూత్రాశయానికి సంబంధం లేని పాజిటివ్‌కు దారితీస్తుంది.

లెక్క తిరగబడే చోటు

ప్రకటనల్లో కనిపించే శాతాలు ఎక్కువగా గందరగోళపెట్టేది ఇక్కడే. జబ్బు ఉన్న వందమందిలో 90 మందిని పట్టుకుని, జబ్బు లేని వందమందిలో 85 మందికి సరిగ్గా 'లేదు' అని చెప్పే ఒక పరీక్షను ఊహించుకుందాం.

కంటికి కనిపించేలా రక్తం పడిన వెయ్యి మందిలో 150 మందికి క్యాన్సర్ ఉందనుకుంటే, 135 మంది దొరుకుతారు, 15 మంది తప్పిపోతారు. నెగటివ్ వచ్చిన దాదాపు 737 మందిలో 15 మందికి క్యాన్సర్ ఉన్నట్టు. అంటే 49 మందికి ఒకరు. ఇది ఒప్పుకోదగ్గ ప్రమాదం కాదు.

మైక్రోస్కోపులో మాత్రమే రక్తకణాలు కనిపించిన వెయ్యి మందిలో 30 మందికి క్యాన్సర్ ఉంటే, తప్పిపోయేది ముగ్గురే. నెగటివ్ వచ్చినవారు సుమారు 827 మంది కాబట్టి, వారిలో 276 మందికి ఒకరికి క్యాన్సర్ ఉన్నట్టు. ఇక్కడ నెగటివ్ ఫలితానికి విలువ ఉంది.

ఏ లక్షణమూ లేని లక్ష మందిని తీసుకుంటే, వారిలో 50 మందికి క్యాన్సర్ ఉన్నా 45 మంది దొరుకుతారు. వారితోపాటు దాదాపు 15 వేల మంది ఆరోగ్యవంతులకు తప్పుడు పాజిటివ్ వస్తుంది. 334 మందికి గొట్టం వేస్తే ఒకరికి క్యాన్సర్ కనిపిస్తుంది. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఈ పరీక్షలను చేర్చకూడదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క సరిపోతుంది.

'నెగటివ్ వస్తే 97 శాతం నిశ్చింత' అన్న మాటను కూడా విడదీసి చూడాలి. నూటికి ముగ్గురికే జబ్బున్న చోట, పరీక్షే చేయకుండా అందరికీ 'లేదు' అని రాసేసినా 97 శాతం సరైనదే అవుతుంది. ఆ అంకెతోపాటు జబ్బు శాతం, తప్పిపోయినవాటిలో హై-గ్రేడ్ ఎన్ని అన్నవి చెప్పకపోతే దానికి అర్థం లేదు. అలాగే పెద్ద హై-గ్రేడ్ కణితులున్న రోగులనూ, ఆరోగ్యంగా ఉన్న యువకులనూ ఎదురెదురుగా పెట్టి చేసిన అధ్యయనంలో ఏ పరీక్షైనా బంగారంలా మెరుస్తుంది. రాళ్లు, ఇన్ఫెక్షన్లు, ప్రొస్టేట్ వాపు ఉన్నవారి మధ్య పెడితేనే అసలు సత్తా తెలుస్తుంది.

పాజిటివ్ వచ్చింది, గొట్టంలో ఏమీ కనిపించలేదు

వైద్యులకు అన్నిటికన్నా ఇబ్బందికరమైన పరిస్థితి ఇదే. మూడు అవకాశాలు ఉంటాయి. ఒకటి, నిజంగానే తప్పుడు పాజిటివ్. రెండు, కణితి మూత్రాశయంలో కాక పైన మూత్రపిండం గిన్నెలోనో మూత్రనాళికలోనో ఉండటం. దీనికి సీటీ యూరోగ్రఫీ, అంటే మూత్రమార్గం మొత్తాన్ని చూపే సీటీ స్కాన్, చేయాలి. మూడు, కంటికి కనిపించే ముందే జన్యు మార్పు ఉన్న కణాలు గోడ మీద పరుచుకుని ఉండటం. టీయూఆర్‌బీటీ తర్వాత కూడా టెర్ట్ మార్పు మూత్రంలో కొనసాగడానికి ఇదీ ఒక కారణం.

నెదర్లాండ్స్‌లో జరిగిన సెఫబ్ అనే యాదృచ్ఛిక అధ్యయనం ఇక్కడ ఆలోచింపజేసే సంగతి బయటపెట్టింది. మూత్ర పరీక్ష పాజిటివ్ అని ముందే తెలిసినప్పుడు యూరాలజిస్టులు సిస్టోస్కోపీలో ఎక్కువ కణితులను గుర్తించారు. ఆ అవయవాన్నే, అదే పరికరంతో, ఇంకాస్త నిదానంగా చూడటం వల్ల వచ్చిన తేడా ఇది. మూత్ర పరీక్షను సిస్టోస్కోపీకి పోటీగా కాక, ఎక్కడ శ్రద్ధ పెట్టాలో చెప్పే సూచికగా వాడుకోవచ్చనడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

ఇప్పుడు ఎవరికి, ఎలా

అమెరికన్ యూరాలజీ సంఘం 2025లో సవరించిన మార్గదర్శకాలు తొలిసారి ఒక తలుపు కొంచెం తెరిచాయి. మైక్రోస్కోపులో మాత్రమే రక్తం కనిపించి, మధ్యస్థ ముప్పు ఉన్నవారు సిస్టోస్కోపీ వద్దనుకుంటే, తప్పిపోయే ప్రమాదాన్ని వివరించి, సైటాలజీ లేదా ధ్రువీకరించిన మూత్ర పరీక్షను సూచించవచ్చు. అల్ట్రాసౌండ్ మాత్రం తప్పనిసరి. దీని వెనక ఉన్న ఆధారాల్లో స్ట్రాటా అధ్యయనం ఒకటి. ముప్పు తక్కువ ఉన్నవారిలో మామూలు పద్ధతిలో 67 శాతం మందికి సిస్టోస్కోపీ జరిగితే, మూత్ర పరీక్ష ఫలితాన్ని బట్టి నడిచినవారిలో 27 శాతానికే జరిగింది.

నిఘా విషయంలో లో-గ్రేడ్ చరిత్ర ఉన్నవారిదీ హై-గ్రేడ్ చరిత్ర ఉన్నవారిదీ లెక్క వేరు. లో-గ్రేడ్ కణితి మళ్లీ వచ్చి మూత్ర పరీక్షలో ఒకసారి తప్పిపోయినా, తర్వాతి పరీక్షకు దొరికేలోపు ప్రాణాపాయం చాలా అరుదు. హై-గ్రేడ్‌లో పరీక్ష ఎక్కువగా పట్టుకుంటుంది, కానీ తప్పిన ఒక్కటి కండరంలోకి దిగితే మూత్రాశయాన్నే తీసేయాల్సి రావచ్చు. పరీక్ష బలహీనంగా ఉన్నచోట ముప్పు తక్కువ, బలంగా ఉన్నచోట ముప్పు ఎక్కువ. ఐదేళ్లలో జరిగే సిస్టోస్కోపీలను పూర్తిగా ఎత్తేయకుండా, మధ్యమధ్యలో కొన్నింటి స్థానంలో మూత్ర పరీక్షను పెట్టే పద్ధతి మీద ఇప్పుడు అధ్యయనాలు నడుస్తున్నది ఇందుకే.

మూత్రంలో రక్తం ఒక్కసారైనా కంటికి కనిపించినవారి విషయంలో మాత్రం ఏ మార్గదర్శకమూ మారలేదు. మూత్ర పరీక్ష నెగటివ్ వచ్చినా వారికి స్కానింగ్, సిస్టోస్కోపీ రెండూ చేయాల్సిందే. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు డాక్టరును అడగాల్సినవి మూడు: నమూనాలో కణాలు లేదా డీఎన్‌ఏ సరిపడా ఉన్నాయా, పరీక్షనాటికి ఇన్ఫెక్షన్ గానీ రాయి గానీ ఉందా, నెగటివ్ అయితే మళ్లీ ఎన్ని నెలలకు రావాలి.